పచ్చని వలయం, నల్లని వజ్రం: సైకిలు బాటలకు తరగతులు ఏర్పడిన కథ

మన భాషలో దారికి ఉన్నన్ని పేర్లు మరి దేనికీ లేవేమోనని నాకు అనిపిస్తూ ఉంటుంది. మనిషి నడిచేది కాలిబాట, బండి నడిచేది బండిబాట, చేల నడుమ పశువులు మళ్ళేది డొంక, గోదావరి జిల్లాల వారికి అదే పుంత. ఈ పేర్లన్నీ ఆ దారిన ఎవరు పోతారో చెబుతాయి. పోవడం ఎంత కష్టమో మాత్రం చెప్పవు. ఆ సంగతి చెప్పే పేర్లు అరుదు. అలిపిరి నుంచి మెట్లెక్కి తిరుమలకు వెళ్ళేవారికి దారిలో మోకాళ్ళ పర్వతం తగులుతుంది. ఆ పేరు వెనుక భక్తికథ ఉన్నది గాని, మొదటిసారి ఎక్కుతున్నవాడి చెవికి అది హెచ్చరికగానే వినబడుతుంది. ఆ పేరు నిలిపిన పూర్వులు తమ వెనుక రాబోయే అపరిచితునికి ఎంతో మేలు చేశారు. ఎదురుగా ఉన్నదేమిటో ముందే చెప్పి, ఎక్కాలో ఆగాలో తేల్చుకునే అవకాశం అతనికే విడిచిపెట్టారు.

ఈ మేలును ఒక పద్ధతిగా మలచిన చరిత్ర సైకిలుకు ఉంది. నేడు పలు దేశాలలో ఊరి పొలిమేరన సైకిలు పార్కులు, కొండల మీద సైకిలుకని ప్రత్యేకంగా తవ్విన బాటలు కనిపిస్తాయి. ప్రతి బాట మొదట ఒక పలక ఉంటుంది. పచ్చని వలయం ఉంటే సులువు, నీలి చతురస్రం ఉంటే మధ్యమం, నల్లని వజ్రం ఉంటే కఠినం, వజ్రాలు రెండుంటే అతి కఠినం. చూడడానికి ఇది పిల్లల బొమ్మల పుస్తకంలా ఉంటుంది. ఈ గుర్తుల పుట్టుపూర్వోత్తరాలను తిరగేస్తే మాత్రం వాటి వెనుక దశాబ్దాల తగవు బయటపడుతుంది. కొండ మీద సైకిలుకు చోటు దక్కడానికి కుదిరిన ఒడంబడికలో ఇవి కూడా ఒక షరతు వంటివని నా అభిప్రాయం. ఆ తగవు కథే ఈ వ్యాసం.

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరానికి వెళితే మరిన్ కౌంటీ. అక్కడ టామల్పాయస్ అనే కొండ, దానికి చేరువలో ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న ఊరు. 1970ల నడిమి సంవత్సరాలలో అక్కడి యువకులు కొందరు, 1930లలోనూ 40లలోనూ తయారై మూలపడిన లావు టైర్ల సైకిళ్ళను వెదకి తెచ్చుకున్నారు. అడవిలో మంటలార్పే బండ్ల కోసం తీసిన మట్టిరోడ్ల మీద వాటిని పైనుంచి కిందికి ఉరికించడం మొదలుపెట్టారు. వారిలో వారికి ఎవరు ముందన్న వాదం వచ్చింది. అది తేల్చడానికి 1976 అక్టోబరు 21న పందెం పెట్టారు. దూరం రెండు మైళ్ళకు కొంచెం ఎక్కువ, దిగవలసిన ఎత్తు సుమారు 1300 అడుగులు. ఆ సైకిళ్ళకు పెడలును వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. ఒక్కసారి కిందికి దిగేసరికి ఇరుసులోని గ్రీజు వేడికి కాలి పొగగా పోయేది. మళ్ళీ గ్రీజు కూరితే గాని సైకిలు పనికివచ్చేది కాదు. అందుకనే ఆ దారికి ‘రీప్యాక్’ అన్న పేరు స్థిరపడింది.

పందెం నిర్వాహకుడు చార్లీ కెలీ. తొలి పందెం గెలిచినవాడు ఆలన్ బాండ్స్. పడకుండా కిందికి చేరినవాడు అతనొక్కడేనని ఆనాటివారు చెప్పుకున్నారు. తరువాత జరిగిన పందేలలో గ్యారీ ఫిషర్ 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు, ఆ దారికి అదే రికార్డు. ఆ పైన రెండు సెకన్ల తేడాతో జో బ్రీజ్. వెండీ క్రాగ్ అనే యువతి వారితో పాటు సైకిలు తొక్కుతూనే ఛాయాచిత్రాలు తీసింది. ఆ రోజులు ఎలా ఉండేవో నేడు మనం చూడగలుగుతున్నామంటే చాలావరకు ఆమె చలవే.

ఈ కథలో నన్ను ఆకట్టుకున్నది వేగం కాదు, మలుపుల పేర్లు. ఫొటోలు తీసేవారు నిలబడే చోటు ‘కెమెరా మలుపు’. వెండెట్టి అనే కుర్రవాడు పడి ముఖం చీరుకున్న చోటు ‘వెండెట్టి ముఖం’. మోకాళ్ళ పర్వతానికి దూరపు చుట్టం వంటి పేరు! గుర్తుల పలకలు రాకముందు బాట తన కష్టాన్ని ఇలాగే చెప్పుకునేది. ఐతే ఈ పేర్లు కొండ మీద ఎక్కడా రాసిపెట్టి లేవు. ఆ కొద్దిమంది నాలుకల మీద, వారి మోచేతుల మచ్చల మీద ఉండేవి. ఎక్కడ బ్రేకు వదలాలో, ఎక్కడ బిగించాలో కంఠతా పట్టినవాడే నిలిచేవాడు. కొత్తగా వచ్చినవాడికి బాట ముందుగా చెప్పేదేమీ లేదు. పడిన తరువాతనే చెప్పేది.

పాతికమంది స్నేహితులు ఉన్నంతకాలం దీనితో చిక్కులేదు. కాని ఆట పాతికమందితో ఆగలేదు. జో బ్రీజ్ 1977లో ఈ పనికోసమే కొత్తగా ఒక సైకిలు కట్టాడు. ఇప్పుడది వాషింగ్టన్‌లోని అమెరికా జాతీయ చరిత్ర మ్యూజియంలో ఉంది. 1979లో కెలీ, ఫిషర్ కలిసి టామ్ రిచీ చేసిన ఫ్రేములతో ‘మౌంటెన్‌బైక్స్’ అనే చిన్న వ్యాపారం పెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ ‘స్టంప్‌జంపర్’ను పెద్ద ఎత్తున తయారుచేసి అంగళ్ళలో పెట్టింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ ఆటకు పతకాలు ఇచ్చారు. గ్రీజు కాలిన వాసనతో మొదలైన వేడుక ఇరవై ఏళ్ళలో ప్రపంచపు ఆట అయింది. సైకిలు కొనగలిగిన ప్రతివాడూ కొండెక్కాడు. ఎక్కినవారిలో అధికులు దిగడం తెలియనివారు.

అదే కొండ మీద అంతకుముందు నుంచి నడిచేవారు ఉన్నారు, గుర్రాల మీద వెళ్ళేవారు ఉన్నారు. నిశ్శబ్దం కోసం వచ్చిన వృద్ధ దంపతులు మలుపు తిరగగానే ఎదురుగా ఇరవై మైళ్ళ వేగంతో దూసుకొస్తున్న చక్రం కనబడితే వారి గుండె ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. గుర్రం బెదిరితే మీద ఉన్న మనిషి కింద పడతాడు. సైకిలువారు ఇది తమ స్వేచ్ఛ అన్నారు, నడిచేవారు ఇది తమ శాంతి అన్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉన్నది.

నిషేధాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1964 నాటి అరణ్య చట్టం రక్షిత అరణ్యాలలో యాంత్రిక రవాణా కూడదన్నది. సైకిలు ఆ మాట కిందికి వస్తుందా రాదా అన్న సందేహాన్ని 1984లో అటవీశాఖ తీర్చివేసి, సైకిలునూ నిషేధించింది. 1987లో జాతీయ ఉద్యానాల శాఖ మరొక నియమం చేసింది. తెరచి ఉన్నదని ప్రత్యేకంగా ప్రకటించిన బాట తప్ప మిగిలినవన్నీ సైకిలుకు మూసినట్టే. మరిన్‌లోని సైకిలు సంఘం ఒకటి దీనిపై కోర్టుకెక్కి 1996లో అప్పీలులో ఓడిపోయింది. టామల్పాయస్ కొండ మీది నీటి సరఫరా సంస్థ భూములలో సైకిళ్ళను వెడల్పాటి మట్టిరోడ్లకే పరిమితం చేసి, సన్నబాటలకు రానివ్వలేదు. గంటకు 15 మైళ్ళు, గుడ్డి మలుపుల వద్ద 5 మైళ్ళు మించరాదన్నారు. వేగాన్ని పట్టుకోవడానికి కాపలావారు రాడారు యంత్రాలు పట్టుకొని నిలబడ్డారు. ఆట పుట్టిన చోటే ఆటకు తలుపులు మూసుకుపోయాయి.

ఈ మలుపులోనే నాకు అసలైన చరిత్ర కనబడుతుంది. 1988లో కాలిఫోర్నియాలోని కొన్ని సైకిలు సంఘాలు కలిసి అంతర్జాతీయ మౌంటెన్ బైసైక్లింగ్ సంఘాన్ని స్థాపించాయి. సంఘం పొడి అక్షరాలను కలిపి ఇంబా అంటారు. అర్జీలు పెట్టడంతో పాటు ఈ సంఘం వారు పారలు, గునపాలు కూడా పట్టుకున్నారు. పాడైన బాటలను బాగుచేయడం, కొత్తవాటిని తీయడం నేర్చుకొని ఇతరులకు నేర్పారు. ఆ అనుభవాన్ని 2004లో ‘ట్రెయిల్ సొల్యూషన్స్’ అనే పుస్తకంగా తెచ్చారు.

బాట తవ్వడమంటే ముందుగా నీటితో మాట్లాడడం. కొండవాలుకు నిటారుగా కిందికి బాట తీస్తే వాననీరు దానినే కాలువ చేసుకుంటుంది, రెండు వర్షాకాలాలలో బాట పోయి వాగు మిగులుతుంది. అందుకని వారు సగం నియమమొకటి చెప్పారు. కొండ ఎంత వాలుగా ఉన్నదో బాట వాలు అందులో సగానికి మించరాదు. బాట వెలుపలి అంచు కాస్త దిగువగా ఉండాలి, అప్పుడు నీరు అడ్డంగా దాటిపోతుంది. దిగుతున్న బాటను అక్కడక్కడ చిన్నగా పైకి లేపాలి, అప్పుడు వెంట వచ్చిన నీరు అక్కడ ఆగి పక్కకు తొలగుతుంది. పొలానికి గట్టు వేసిన రైతుకు ఇందులో కొత్త ఏమీ లేదు. కాని వాలు కొలవడం మొదలుపెట్టిన తరువాత మరొక సంగతి దానంతట అదే బయటపడింది. కొలిచిన బాట ఎంత కష్టమో చెప్పవచ్చు. చెప్పగలిగినది పలక మీద రాయవచ్చు.

గుర్తులను మంచు మీద జారే స్కీ ఆట నుంచి అరువు తెచ్చుకున్నారు. పచ్చ వలయం, నీలి చతురస్రం, నల్ల వజ్రం అమెరికాలోని స్కీ కేంద్రాలలో 1960ల నుంచి వాడుకలో ఉన్నవి. ఇంబా వాటికి కొలతలు చేర్చింది. పచ్చని బాట వెడల్పు 36 అంగుళాలకు తగ్గరాదు, నేల గట్టిగా నిలకడగా ఉండాలి, సగటు వాలు నూటికి ఐదు మించరాదు, తప్పించుకోలేని అడ్డంకి రెండంగుళాల కన్న ఎత్తు ఉండరాదు. నీలి బాట 24 అంగుళాల దాకా సన్నబడవచ్చు, సగటు వాలు నూటికి పది, అడ్డంకి ఎనిమిది అంగుళాలు. నల్లని వజ్రానికి బాట 12 అంగుళాలు, వాలు పదిహేను, అడ్డంకి పదిహేను అంగుళాలు. రెండు వజ్రాల బాట ఆరంగుళాలకు తగ్గినా తగ్గవచ్చు, కాలికింది నేలను నమ్మడానికి లేదు. వీటన్నిటికీ ముందు ఒక తెల్లని వలయం, దాని మీద ఆరడుగుల వెడల్పున చదును చేసిన నేల.

నా దృష్టిలో ఈ కొలతల గొప్పతనం ఒక్కటే. ఇవి తొక్కేవాడి ధైర్యాన్ని కొలవవు. “నీవు మొనగాడివా?” అని అడగవు. నేల ఎలా ఉన్నదో చెప్పి ఊరుకుంటాయి. రీప్యాక్ రోజులలో తెలివి అంతా తొక్కేవాడి ఒంట్లో ఉండేది, ఇప్పుడందులో కొంత భాగం బాట మొదట పాతిన గుంజకు చేరింది. అపరిచితుడు దానిని చదువుకొని, తన బలం తాను తూచుకొని, ముందుకు పోవచ్చు, వెనుదిరగవచ్చు. వెనుదిరిగితే సిగ్గు లేదు, ఎందుకంటే పక్కనే అతని కోసం మరొక బాట ఉన్నది. నేర్చుకునేవాడు నడిచేవారి దారిలో పడి వారిని బెదరగొట్టవలసిన అవసరం దీనితో చాలావరకు తగ్గింది. నేలయజమానులు సైకిలువారిని తిరిగి నమ్మడానికి ఇదొక కారణమని నేననుకుంటాను.

ఐతే గుర్తు చూసి మోసపోవడానికీ అవకాశం ఉన్నది. కెనడాలోని విస్లర్ స్కీ కేంద్రం 1999లో వేసవి సైకిలు పార్కును తెరిచింది. శీతాకాలంలో స్కీవారిని మోసే లిఫ్టులు వేసవిలో సైకిళ్ళను పైకి చేరుస్తాయి, దిగడమే పని. అక్కడి నీలి బాట మరొక ఊరిలో నల్లబాట కావచ్చు. బ్రిటనులో అసలు రంగుల వరుసే వేరు. పచ్చ, నీలం, ఎరుపు, నలుపు. అమెరికా నుంచి వెళ్ళినవాడికి ఎరుపు అంటే ఏమిటో అడిగి తెలుసుకోవలసిందే. కొలతలు ఎన్ని ఉన్నా తరగతి చివరికి ఆ ఊరి మాట. మన ఊళ్ళలో “ఇక్కడికి దగ్గరే” అన్నప్పుడు ఎంత దగ్గరో చెప్పినవాడి అలవాటును బట్టి ఉంటుంది కదా, ఇదీ అంతే. అందుకే అనుభవజ్ఞులు కొత్త చోటికి వెళ్ళినప్పుడు తమ స్థాయికి ఒక మెట్టు కిందినుంచి మొదలుపెడతారు.

బ్రిటను ప్రస్తావన వచ్చింది గనుక వేల్స్ సంగతి ఒకటి చెప్పాలి. ఇంగ్లండు, వేల్స్‌లలో 1968 నాటి గ్రామీణ ప్రాంతాల చట్టం గుర్రపు బాటల మీద సైకిలుకు హక్కు ఇచ్చింది, నడిచేవారికీ గుర్రాలకూ దారి ఇవ్వాలన్న షరతుతో. కాని సైకిలు కోసమే అడవిలో బాట తవ్వాలన్న ఆలోచన 1990లలో వేల్స్‌లోని కోయిడ్ ఎ బ్రెనిన్ అడవిలో రూపుదిద్దుకున్నది. ఆ అడవిలో ఉద్యోగిగా ఉన్న డావిడ్ డేవిస్ ఆ బాటలకు రూపకర్త. ఆ దేశంలో ఇటువంటి కేంద్రాలకు అదే ఆద్యమని పేరు. దూరప్రాంతాల నుంచి జనం వచ్చారు, చుట్టుపక్కల పల్లెలలో బసలకూ భోజనశాలలకూ గిరాకీ ఏర్పడింది. 2025 మార్చి 31తో ఆ కేంద్రంలోని ఫలహారశాలను, అంగడిని ఖర్చు భరించలేక మూసివేశారు. బాటలు మాత్రం తెరిచే ఉన్నాయి. ఈ వార్త చదివినప్పుడు నాకు తోచినది ఇది: బాటను ఒకసారి తవ్వితే చాలదు, గుర్తును ఒకసారి పాతితే చాలదు. ఒక్క పెద్దవాన పచ్చని బాటను నల్లబాటగా మార్చగలదు. ఆ ఉదయం వెళ్ళి చూసి సరిచేసే మనిషి లేకపోతే పలక మీద ఉన్నది అబద్ధమవుతుంది. నమ్మి వచ్చిన పసివాడికి అబద్ధపు పలక కన్న పలక లేకపోవడమే మేలు.

తిరిగి మరిన్‌కు వద్దాం. ఆట పుట్టిన కౌంటీ, ఆటకు తలుపులు మూసిన కౌంటీ 2015లో నొవాటో పట్టణం దగ్గర స్టాఫర్డ్ సరస్సు పక్కన 17 ఎకరాలలో ఒక సైకిలు పార్కును ప్రజలకు తెరిచింది. అదే ఏడు ఫెయిర్‌ఫాక్స్‌లో సైకిలు మ్యూజియం కూడా వెలిసింది. పార్కులో వాలు వెంబడి రకరకాల వరుసలు ఉన్నాయి. అలలవలె పోసిన మట్టిదిబ్బల బాట మీద పెడలు తొక్కకుండా, ఒంటిని పైకీ కిందికీ ఊపుతూనే ముందుకు పోవచ్చు. ఇటువంటి పార్కులో కొంతసేపు కూర్చుని చూస్తే తరగతుల అర్థం పుస్తకం లేకుండానే తెలుస్తుంది. ఒక మూల పెడళ్ళు లేని బుల్లి సైకిలును కాళ్ళతో నెట్టుకుంటూ మూడేళ్ళ పిల్ల. నడిమి వరుసలో ఆమె అన్న. అవతల గాలిలోకి లేచే వరుసలో మీసాలు మొలుస్తున్న కుర్రకారు. ఆ పిల్ల ఆగి వారిని తలెత్తి చూస్తుంది. రేపు తాను చేరగల చోటు ఆమెకు ఇవాళ కంటికి కనబడుతున్నది.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటి ఉంది, దానిని దాటవేయకూడదు. పార్కు అంటే కంచె గదా, కొండంతటినీ నడిచేవారికి విడిచి సైకిలును పదిహేడెకరాల దొడ్డిలో కట్టివేయడం కాదా అని అడిగేవారున్నారు. ఆ మాటలో బాధ ఉన్నది, కొంత న్యాయమూ ఉన్నది. పార్కు ఎంత బాగున్నా అది కొండకు సాటి రాదు. దూరం, ఏకాంతం, తప్పిపోతామేమోనన్న చిన్న భయం, ఇవి పార్కులో దొరకవు. కాని పార్కులో బ్రేకు పట్టడం, మలుపు తిరగడం, ఎదుటివాడికి దారి ఇవ్వడం నేర్చినవాడు కొండకు వెళితే కొండకూ నడిచేవారికీ మంచిదే. పార్కు బడి వంటిది, కొండ లోకం వంటిది. లోకం తలుపు మూసి బడి ఒక్కటే చాలుననడం అన్యాయం. బడి లేకుండా లోకంలోకి తోయడం అంతకన్న అన్యాయం.

ఇక మన సంగతి. 2023 అక్టోబరు 1న హైదరాబాదు బాహ్యవలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల సైకిలు మార్గాన్ని ప్రారంభించారు. పైన సౌరఫలకాల కప్పు, దాని మీద 16 మెగావాట్ల విద్యుత్తు. కొండాపూర్ వైపు కొత్తగూడ అడవిలో పాలపిట్ట పేరుతో సైకిలు పార్కు ఉన్నది. ఇవి రెండూ మంచి పనులే. కాని 23 కిలోమీటర్ల చదునైన మార్గం అంతా ఒకే తరగతి. అది దమ్మును పెంచుతుంది గాని వాలు మీద సైకిలును అదుపు చేయడం నేర్పదు. మనకు బండరాళ్ళ గుట్టలకు కొదువ లేదు, వాటి మీద సైకిలెక్కే కుర్రవాళ్ళకూ కొదువ లేదు. లేనిది గుట్ట మొదట నిలబడి నిజం చెప్పే పలక.

ఈ తరగతుల భావం మనకు పరాయిది కూడా కాదు. గంటకింత అని అద్దెకు తెచ్చిన పెద్ద సైకిలు మీద మనవాళ్ళు నేర్చుకున్న తీరు తలచుకోండి. ముందు బారు కింద నుంచి కాలు దూర్చి సగం సగం తొక్కడం, తరువాత బారు మీదుగా, ఆ తరువాత సీటు మీద కూర్చుని. ఒక మెట్టు కుదరనిదే పైమెట్టుకు ఎవరూ పోనిచ్చేవారు కాదు. సీటు పట్టుకొని వెనుక పరుగెత్తే అన్నో బాబాయో ఉండేవాడు. మనం తొక్కేవాడికి తరగతులు పెట్టుకున్నాము, నేలకు పెట్టుకోలేదు. నేలకూ పెట్టడానికి కావలసినది కోట్ల రూపాయల కప్పు కాదు. ఒక కొలబద్ద, వాలు చూసే పనిముట్టు, కొన్ని పారలు, వాన వెలిసిన మరునాడు వెళ్ళి చూసే ఓపిక.

రీప్యాక్ వీరులు చేసిన సాహసం చరిత్రలో నిలిచింది, నిలవవలసిందే. వారి వెనుక వచ్చి గునపం పట్టి, వాలు కొలిచి, గుంజ పాతి, దాని మీద పచ్చని వలయం గీసినవారి పేర్లు చాలామందికి తెలియవు. ఆ వలయాన్ని చూసి మొదటిసారి ధైర్యంగా పెడలు మీద కాలు మోపిన బాలికకూ వారి పేరు తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. తోవ చూపినవాడి పేరు అడగకుండానే ముందుకు సాగడం బాటసారి ధర్మం.